బాండు పేపరు మీద సంతకం పెడితే విడాకులు అయిపోతాయా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తిరుపతి. ఎనిమిదేళ్ల కిందట తిరుమలలో పెళ్లయింది. మా ఆయనది చిత్తూరు, ట్రావెల్స్ కార్లు నడుపుతాడు. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడేళ్లు. తాగొచ్చి కొట్టడం భరించలేక ఐదు నెలల కిందట పిల్లలను తీసుకుని మా అమ్మ వాళ్లింటికి వచ్చేశాను. పాపను ఇక్కడే రెండో తరగతిలో చేర్పించాను. పోయిన నెల ఆయన బడి దగ్గరికొచ్చి, నానమ్మకు బాగాలేదని చెప్పి పాపను చిత్తూరు తీసుకెళ్లాడు. మళ్లీ పంపలేదు, ఫోన్లో కూడా మాట్లాడనివ్వడం లేదు. రాత్రిళ్లు తాగి మా ఇంటి ముందుకొచ్చి చంపుతానని అరుస్తున్నాడు. పోలీస్ స్టేషన్‌కు పోతే, మొగుడూ పెళ్లాల గొడవ, కోర్టులో చూసుకోమన్నారు. ఇప్పుడు పెద్దమనుషులు పంచాయితీ చేసి బాండు పేపరు రాయించారు. ఇద్దరం ఇష్టపడి విడిపోతున్నామని, పాప ఆయనకు, బాబు నాకు అని, నాకు మూడు లక్షలిస్తారని, ఇక ఏ హక్కూ అడగకూడదని అందులో ఉంది. వారంలో సంతకం పెట్టమంటున్నారు. పెడితే విడాకులైనట్టేనా? పాప నాకు వస్తుందా? నేను బట్టల షాపులో పనికి పోదామనుకుంటున్నా, పోతే భరణం రాదంటున్నారు, నిజమేనా? లాయరుకు ఇచ్చేంత డబ్బు నా దగ్గర లేదు.

జవాబు: ముందు ఒక మాట చెప్తానమ్మా, మిగతాదంతా నిదానంగా చదువుకోండి. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. వారం గడువు వాళ్లు పెట్టిందే, చట్టం పెట్టింది కాదు. ఆ గడువు దాటితే మీకు పోయేదేమీ లేదు.

హిందూ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు, మాత్రమే రద్దు చేస్తుంది. బాండు పేపరు మీద ఇద్దరూ సంతకాలు చేసినా, నోటరీ దగ్గర ముద్ర వేయించినా, ఊరి పెద్దలంతా సాక్షి సంతకాలు పెట్టినా మీరు భార్యాభర్తలుగానే ఉంటారు. కొన్ని కులాల్లో అనాదిగా వస్తున్న ఆచారం ప్రకారం పెద్దల ముందు విడిపోతే దాన్ని చట్టం గుర్తిస్తుంది, 29వ సెక్షన్‌లో ఆ వెసులుబాటు ఉంది. కానీ ఆ ఆచారం నిజంగా ఉందని, తెగకుండా సాగుతోందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. పెద్దమనుషులు కూర్చుని రాసినంత మాత్రాన అది ఆచారం అయిపోదు. రేపు ఆయన ఈ కాగితం చూపించి ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా భార్య ఉండగా మళ్లీ పెళ్లి చేసుకున్న నేరానికి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇదే కాగితాన్ని నమ్మి మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అంతే.

‘విడాకులు రావు కదా, అయితే పెడితే ఏం పోయింది’ అని మీకు అనిపించవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. భరణం గురించి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్, అంటే మనమంతా 125 కేసు అని పిలుచుకునే పాత సెక్షనే, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నట్టయితే భార్యకు భరణం ఇవ్వనక్కర లేదంటుంది. ‘ఇద్దరం ఇష్టపడి విడిపోతున్నాం’ అన్న ఒక్క వాక్యం మీద మీరు సంతకం పెడితే, రేపు భరణం కేసులో ఆయన లాయరు ముందుగా చూపించేది దాన్నే. మీరు ఇష్టపడి రాలేదు, దెబ్బలు తట్టుకోలేక వచ్చారు. ఆ తేడా మీద మీ కేసంతా నిలబడుతుంది. ఇది తెలియక సంతకం పెట్టి, తర్వాత ఏడ్చే ఆడవాళ్లను మన కోర్టుల్లో చూస్తూనే ఉంటాం. పెద్దమనుషులు చెడ్డవాళ్లని నేననడం లేదు. చాలామంది గొడవ సద్దుమణగాలనే కూర్చుంటారు. కానీ అలా తొందరగా తేల్చేయాలనుకున్న ప్రతిసారీ ఎక్కువగా వదులుకునేది అమ్మాయి తరఫువాళ్లే. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

పిల్లల విషయానికొస్తే ఆ కాగితానికి అసలు విలువే లేదు. తండ్రి నుంచి తిండి, బట్ట, చదువు పొందే హక్కు పిల్లలది. వాళ్ల తరఫున దాన్ని వదిలేస్తున్నామని రాసిచ్చే అధికారం మీకూ లేదు, ఆయనకూ లేదు. పాప నీకు, బాబు నాకు అని పంచుకున్నా ఆ పంపకం జడ్జి గారిని కట్టిపడేయదు. పొలం గట్టు వేసి పంచుకున్నట్టు అన్నాచెల్లెళ్లను, అక్కాతమ్ముళ్లను పంచుకోవడం కోర్టులకు ఏమాత్రం ఇష్టముండదు.

ఒకవేళ నా జవాబు చూసేలోపే సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడకండి. బెదిరించి, ఒత్తిడి చేసి పెట్టించారని వెంటనే లాయరు ద్వారా నోటీసు ఇప్పించి, కేసులో కూడా ఆ సంగతి రాయించండి. నెలలు గడిచాక చెప్తే నమ్మించడం కష్టం.

ఇప్పుడు మీ బుర్రలోంచి ఒక అపోహ తీసేయాలి. రక్షణ కావాలన్నా, భరణం కావాలన్నా, పాప కావాలన్నా ముందు విడాకులు కావాలేమోనని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. అలాంటిదేమీ లేదు. విడాకులు వేరు, ఇవి వేరు. విడాకుల ఊసే లేకుండా ఈ మూడూ అడగొచ్చు. నన్నడిగితే, ప్రస్తుతం మీరు విడాకుల ఆలోచన పక్కన పెట్టాలి. ఇంటి ముందు చంపుతానని అరిచే మనిషి ఉన్నప్పుడు, ఏడేళ్ల పిల్ల గొంతు కూడా వినలేని పరిస్థితిలో ఉన్నప్పుడు, ముందు కావాల్సింది భద్రత, పాప. పెళ్లి ఉంచుకోవాలా తెంచుకోవాలా అన్నది మనసు కాస్త నెమ్మదించాక తేల్చుకోవచ్చు.

మీకు సరిగ్గా సరిపోయేది 2005 గృహహింస నిరోధక చట్టం. మామూలుగా డీవీ కేసు అంటారు. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో ఒకే దరఖాస్తు వేసి అన్నీ అడగొచ్చు. ఆయన మీ ఇంటి దరిదాపులకు రాకూడదని, ఫోన్లో బెదిరించకూడదని రక్షణ ఉత్తర్వు 18వ సెక్షన్ కింద వస్తుంది. 19 కింద ఉండటానికి చోటు లేదా అద్దె, మీ నగలు తిరిగి ఇవ్వడం. 20 కింద నెలనెలా ఖర్చులు. 21 కింద పిల్లల తాత్కాలిక కస్టడీ, అంటే పిల్లలను మీ దగ్గర ఉంచుకునే హక్కు. కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్లు, బెదిరింపులు, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే.

దీనికోసం చిత్తూరు పోనక్కర లేదు. మీరు తాత్కాలికంగా ఎక్కడ ఉంటున్నా అక్కడి మేజిస్ట్రేట్ దగ్గర వేయొచ్చని 27వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి తిరుపతి కోర్టులోనే వేయండి. రక్షణాధికారి, అంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖ తరఫున ఉండే అధికారి, మీ దగ్గర వివరాలు తీసుకుని గృహహింస నివేదిక తయారు చేస్తారు. ఆ నివేదిక ఉంటే మంచిదే. అది లేకుండా కూడా దరఖాస్తు వేయొచ్చని, లేదన్న కారణంతో కోర్టు తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఎవరైనా ‘ముందు రిపోర్టు తెచ్చుకో’ అని తిప్పుతుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి వాయిదా మూడు రోజుల్లో, మొత్తం కేసు 60 రోజుల్లో తేలడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆచరణలో అంత తొందరగా పూర్తి కాదు. అందుకే మీ ఆశంతా తుది తీర్పు మీద పెట్టుకోవద్దు. 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపే ఇచ్చే ఉత్తర్వు, కోసం విడిగా పిటిషన్, అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయించండి. ప్రమాదం ఉందని జడ్జి గారికి నమ్మకం కలిగితే, అవతలి పక్షం రాకముందే ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. అఫిడవిట్‌లో ‘వేధిస్తున్నాడు’ అని ముక్తసరిగా రాయిస్తే సరిపోదు. ఏ తారీఖు రాత్రి వచ్చాడు, ఏమన్నాడు, ఎవరు విన్నారు, తలుపు మీద కొట్టాడా, రాయి విసిరాడా, ఇవన్నీ రాయించండి. మధ్యంతర ఉత్తర్వు వచ్చేదీ రానిదీ చాలావరకు ఈ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఉత్తర్వు వచ్చాక దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు కూడా పంపాలి. ఒక కాపీ మీ బ్యాగులో పెట్టుకోండి, ఫోన్లో ఫొటో ఉంచుకోండి. ఆ తర్వాత ఆయన ఇంటి ముందుకొచ్చి అరిస్తే అది మొగుడూ పెళ్లాల గొడవ కాదు, కోర్టు ఉత్తర్వును ధిక్కరించిన నేరం. దానికి ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు కోర్టే ఇవ్వాలి. అప్పుడు స్టేషన్‌లో మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ఈ లోపు ఏం చేయాలంటారా? రాత్రి వచ్చాడంటే తలుపు తీయకండి, 112కు ఫోన్ చేయండి. ఆ కాల్ చేసినట్టు రికార్డు ఉండటమే తర్వాత సాక్ష్యం అవుతుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేస్తే దగ్గర్లోని సఖి కేంద్రానికి, అంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి, కలుపుతారు. మళ్లీ చేయి చేసుకుంటే నేరుగా రుయా ఆసుపత్రికి పోయి, దెబ్బలు ఎవరు కొట్టారో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మెట్ల మీంచి పడ్డానని చెప్పొద్దు. పరువు కోసం చెప్పిన ఆ ఒక్క అబద్ధం ఆసుపత్రి రికార్డులో మిగిలిపోయి మీకే అడ్డం తిరుగుతుంది.

భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద క్రిమినల్ కేసు, అంటే పాత 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెడితే జరిగింది మాత్రమే రాయండి. ఆడబిడ్డ, ఆమె భర్త, ఎక్కడో ఉన్న పినమామ, అందరి పేర్లూ చేర్చమని చుట్టాలు సలహా ఇస్తారు. వినకండి. ఫలానా మనిషి ఫలానా పని చేశాడని చెప్పలేనప్పుడు బంధువులందరినీ ఇరికించకూడదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మన పక్క తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసులోనే గట్టిగా చెప్పింది. అనవసరమైన పేర్లు చేరిస్తే మీ నిజం కూడా పలచబడుతుంది.

ఇక పాప సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. తండ్రి కూడా సహజ సంరక్షకుడే కాబట్టి దీన్ని కిడ్నాప్ కేసుగా సాధారణంగా తీసుకోరు. అందుకే పోలీసులు వెళ్లి పాపను తెచ్చి ఇస్తారని ఎదురుచూడొద్దు. అలాగని మీ అన్నదమ్ములను వెంటేసుకుని చిత్తూరు పోయి లాక్కొచ్చే పనీ చేయొద్దు. ఆయన చేసిన తప్పును మీరు కూడా చేసినట్టవుతుంది, పైగా మధ్యలో భయపడేది పాప. డీవీ కేసులోనే తాత్కాలిక కస్టడీ అడగండి. కనీసం వారానికి ఒకసారి చూడటానికి, రోజూ వీడియో కాల్‌లో మాట్లాడటానికి వెంటనే ఉత్తర్వు ఇవ్వమని కూడా అడగండి. తల్లిదండ్రుల మధ్య ఎంత గొడవ ఉన్నా బిడ్డకు ఇద్దరితోనూ మాట్లాడే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

శాశ్వత కస్టడీ కోసం గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాలి. పాప మామూలుగా ఎక్కడ నివసిస్తుందో అక్కడి కోర్టుకే అధికారం. పాప తిరుపతి బడిలో చదువుతోందని, అక్కడి నుంచి అబద్ధం చెప్పి తీసుకెళ్లారని చూపించాలి. అందుకే ఈ వారమే బడికి పోయి అడ్మిషన్, హాజరు వివరాలకు స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. ఆలస్యం చేస్తే ఆయన చిత్తూరులో వేరే బడిలో చేర్పించి, పాప చిత్తూరులోనే స్థిరపడిందని వాదిస్తాడు. కస్టడీ కేసుల్లో కాలం ఎప్పుడూ పిల్ల ఎవరి దగ్గరుంటే వాళ్లకే కలిసొస్తుంది. పరిస్థితి మరీ విషమిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే పాపను కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్, దారి కూడా ఉంది గానీ, అది అన్ని కస్టడీ గొడవలకూ పనికిరాదు.

పాప మీకు వస్తుందా అని అడిగారు. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెప్తుంది, కాబట్టి బాబు విషయంలో మీకు పెద్ద టెన్షన్ అక్కర లేదు. పాపకు ఆ నియమం వర్తించదు. అక్కడ చూసేది బిడ్డ బాగోగులు మాత్రమే. తల్లికి ఉద్యోగం లేదు, తండ్రికి కార్లున్నాయి అన్నది దాన్ని తేల్చదు. డబ్బు తక్కువైతే తండ్రి చేత ఇప్పిస్తారు. తాగుడు, ఇంట్లో కొట్లాటలు పాప కళ్ల ముందు జరిగాయా, తమ్ముడితో కలిసి పెరగడం, బడి, ఎవరు వండిపెట్టి హోంవర్క్ చేయించారు, ఇవి చూస్తారు. జడ్జి గారు పాపను తన గదిలోకి పిలిచి ఒంటరిగా మాట్లాడొచ్చు. ఆ రోజు కోసం పాపకు మాటలు నేర్పకండి. నేర్పిన మాటలు ఇట్టే తెలిసిపోతాయి. బాబును చూడటానికి ఆయన పద్ధతిగా, మత్తులో లేకుండా వస్తే, మీ అమ్మానాన్నల సమక్షంలో చూపించండి. ఆయన మిమ్మల్ని అడ్డుకున్నాడని మీరూ అడ్డుకుంటే ఇద్దరూ ఒకటే అనిపించుకుంటారు.

బట్టల షాపులో పనికి నిక్షేపంగా వెళ్లండి. సంపాదించే స్తోమత ఉండటం వేరు, సరిపడా సంపాదించడం వేరని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మీ జీతం చూసి భరణం కొంత తగ్గొచ్చేమో గానీ, ఆ కారణంతో భరణమే లేదనరు. పిల్లల భరణానికి మీ ఉద్యోగంతో ముడి పెట్టరు. జీతం మాత్రం దాచకండి. 2020 నవంబరులో వచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం, అప్పులు అన్నీ ప్రమాణపత్రంలో చెప్పాలి. అదే తీర్పు ప్రకారం భరణం కేసు వేసిన తేదీ నుంచే లెక్క కడతారు. కాబట్టి ఒక్కో నెల ఆలస్యం చేస్తే ఒక్కో నెల భరణం పోయినట్టే.

కార్లు తన పేరు మీద లేవని, తనకేమీ ఆదాయం లేదని ఆయన తప్పకుండా అంటాడు. బండ్ల నంబర్లు, స్టాండులో తీసిన ఫొటోలు, బుకింగ్‌ల కోసం ఆయన నంబరుతో వేసిన కార్డులు, మీ ఖాతాకు ఎప్పుడైనా పంపిన డబ్బుల స్టేట్‌మెంట్, ఇవన్నీ పోగేయండి. ఒంట్లో సత్తువున్న మగాడు కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అన్నది. వాట్సాప్ బెదిరింపులు చెరపకండి, ఫోను మార్చకండి. స్క్రీన్‌షాట్లతో పాటు కోర్టులో ఇవ్వాల్సిన ధ్రువపత్రం గురించి లాయరు చూసుకుంటారు. మీ అమ్మానాన్నలు పెట్టిన నగలు స్త్రీధనం, అవి పూర్తిగా మీవి. బిల్లులు లేకపోయినా పెళ్లి ఫొటోల్లో మెడలో, చేతులకు ఉన్నవి చూసి జాబితా రాసుకోండి.

విడాకుల గురించి కొంచెం చెప్తాను. ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. మీరు వచ్చి ఐదు నెలలే అయింది, కాబట్టి ఇప్పుడు ఇద్దరూ కావాలనుకున్నా ఆ పిటిషన్ వేయడానికి లేదు. వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. అన్ని లెక్కలూ తేలిపోయి, రాజీకి ఆశ లేదనుకుంటే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించొచ్చని 2017లో తీర్పు వచ్చింది. డిక్రీ వచ్చేలోపు మనసు మార్చుకునే హక్కు మీకుంది. ఎప్పుడైనా ఆ దారిలో పోతే, డబ్బు డీడీ రూపంలో కోర్టు ముందే తీసుకోండి, పిల్లల పేర డిపాజిట్ వేరుగా రాయించుకోండి. మూడు లక్షలు ఇద్దరు పిల్లల తల్లికి ఏ లెక్కన సరిపోతాయో ఆ పెద్దమనుషులను అడగాలని ఉంది నాకు.

ఆయన ఒక్కడే విడాకుల కేసు వేసినా భయపడొద్దు. లాయరు నోటీసు వచ్చినంత మాత్రాన విడాకులు అయిపోవు. కానీ కోర్టు సమన్లు వస్తే మాత్రం తప్పనిసరిగా హాజరవ్వండి. తీసుకోకుండా తిప్పి పంపితే మీరు లేకుండానే ఏకపక్షంగా డిక్రీ ఇచ్చే ప్రమాదం ఉంది. చిత్తూరులో వేస్తే, చిన్నబిడ్డతో 70 కిలోమీటర్లు ప్రతి వాయిదాకూ తిరగలేనని హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయొచ్చు. ప్రయాణ, కోర్టు ఖర్చులు ఆయన చేతే ఇప్పించమని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద అడగొచ్చు. మీ పెళ్లి తిరుమలలో జరిగింది, మీరు తిరుపతిలో ఉంటున్నారు. కాబట్టి మీరే వేయాల్సి వస్తే తిరుపతిలో వేసుకునే హక్కు రెండు విధాలా ఉంది.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, ప్రభుత్వమే ఉచితంగా లాయరును పెట్టాలి. తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో గానీ, చిత్తూరు కోర్టులోని జిల్లా సంస్థలో గానీ తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. వెళ్లేటప్పుడు ఆధార్, పెళ్లి ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పాప స్టడీ సర్టిఫికెట్, ఆ బాండు పేపరు కాపీ తీసుకెళ్లండి. కాపీ ఇవ్వమంటే పెద్దమనుషులు ఇవ్వకపోతే, మాటల్లోపడి వాదన పెట్టుకోవద్దు. ‘మా లాయరుకు చూపించి చెప్తాను, అప్పటిదాకా సంతకం పెట్టను’ అని మీ నాన్నగారి చేత ఒక్క మాట చెప్పించండి.